రెండో గ్రూపు, మూడో గ్రూపు

2024 మే 27

సార్ ఇవాళ ఫైలు విసిరాడు. నా మీదికి కాదు, గోడ మీదికి. గోడకూ ఆయనకూ మధ్యలో నేనున్నాను, అంతే. కంటి పక్కన చర్మం గీరుకుపోయింది. చెన్నకేశవులు సార్ దగ్గర పీహెచ్‌డీకి చేరి ఆరో ఏడు నడుస్తోంది. ఆ మాత్రం పక్కకు జరగడం ఇంకా రాకపోతే తప్పు నాదే కదా.

హేమంత్ అడిగితే ల్యాబులో ఎలుకల గది తలుపు తగిలిందన్నాను. మొగుడికి అన్నీ చెప్పుకోవాలని ఎక్కడుంది? చెప్పినా ఏమంటాడో నాకు తెలుసు. "ఇంకెంత శ్రావణీ, కొన్ని నెలలే కదా, తల వంచుకుని పోతే పోలా?" అంటాడు. తల వంచుకోవడంలో వాళ్ల ఆఫీసులో ఆయనకు ఏటా అవార్డు ఇవ్వొచ్చు.

ఈ డిసెంబరుతో నా రిజిస్ట్రేషన్ గడువు అయిపోతుంది. ఒకసారి పొడిగించారు, ఇంక పొడిగించరు. కోర్సువర్కు అయింది, ఆరు నెలలకోసారి రివ్యూ కమిటీ ముందు చేతులు కట్టుకుని నిలబడటం అయింది, పేపర్లు అచ్చయ్యాయి. మిగిలింది ఈ ఎలుకల స్టడీ, దాని మీద సెమినారు, ఆ తర్వాత థీసిస్, వైవా. ప్రతి మెట్టు మీదా సార్ సంతకం కావాలి. సంతకం పడకపోతే ఆరేళ్లూ బూడిదలో పోసిన పన్నీరే.

జూన్ 4

నరేందర్ లేకపోతే ఈ స్టడీ నా వల్ల కాదు. సిద్దిపేట అవతల ఏదో ఊరు, బాలానగర్‌లో అన్నతో కలిసి గది తీసుకుని ఉంటాడు. రెండో ఏడు స్కాలరు. వాడి పని వాడికుండగా నా ఎలుకలకూ రోజూ వాడే మందు పోస్తున్నాడు. "నువ్వు థీసిస్ రాస్కో అక్కా, గిది నాకు ఇడ్సిపెట్టు" అంటాడు.

జబ్బే లేనివి మొదటి గ్రూపు. షుగరు జబ్బు తెప్పించి, మందివ్వకుండా వదిలేసినవి రెండో గ్రూపు. అదే జబ్బు తెప్పించి, మా మందు ఇచ్చేవి మూడో గ్రూపు. మూడో గ్రూపు కిడ్నీలు బాగుంటే నేను డాక్టర్ శ్రావణిని, లేకపోతే మామూలు శ్రావణిని. రెండో గ్రూపుకు వీపు మీద పసుపు రంగు గుర్తు, మూడో గ్రూపుకు తోక మీద. వెంట్రుక పెరిగేకొద్దీ రంగు పోతుంది కాబట్టి ప్రతి శనివారం మళ్లీ పెట్టాలి.

చివర్లో అన్నిటినీ చంపి కిడ్నీలు తీయాలి. చంపడం అనే మాట మా థీసిస్‌లలో ఉండదు, సాక్రిఫైస్ అని రాస్తాం. నా చెయ్యి మంచిదని పేరు. ఎలుక కీచుమనేలోపు పని అయిపోతుంది. పక్క ల్యాబ్ వాళ్లు కూడా నన్నే పిలుస్తారు, పిలిచి టీ తాగిస్తారు.

జూన్ 10

ఇవాళ్టిది రాయాలని లేదు. అయినా రాయాలి.

నిన్నటి వానకు ఎలుకల గదిలోకి నీళ్లొచ్చాయి. కింది అరలోని పంజరాలు మునుగుతాయని అటెండరు రెండో గ్రూపునూ మూడో గ్రూపునూ తీసి ఒకే పెద్ద టబ్బులో వేసి మూత పెట్టిపోయాడు. గుర్తులుంటాయి కదా అనుకున్నాడు పాపం. గుర్తులు లేవు. మొన్న శనివారం పెట్టలేదు. "రంగు పల్సబడ్డది అక్కా, ఇయ్యాల పెడ్త" అని నరేందర్ అంటే, "సోమవారం పెడుదువులే, ముందు నా స్లైడ్లు చెయ్యి" అన్నది నేనే.

పొద్దున మూత తీసి చూస్తే అన్నీ ఒకటే తెలుపు. దేనికి మందు పడిందో, దేనికి పడలేదో ఆ పైవాడికి కూడా తెలియదు.

ఇంతలో సార్ వచ్చాడు. నరేందర్ ఏమీ దాచలేదు.

"సార్, రెండో గ్రూపు, మూడో గ్రూపు కలిసిపోయినయి. ఏది ఏదో ఎర్కపడ్తలేదు. మళ్ల కొత్త ఎలుకలతోని మొదలు పెట్టాలె."

"మొదలు పెట్టేదానికి టైము మీ నాయన ఇస్తాడా? రంగు తీసుకరా. సగానికి వీపు మీద పెట్టు, సగానికి తోక మీద పెట్టు."

"ఏ లెక్కన పెట్టాలె సార్?"

"నేను చెప్పిన లెక్కన."

"గట్ల నేను పెట్ట సార్. రేపు గీ మందు మనుషులు వేసుకుంటరు."

మొదటి దెబ్బ ఎడమ చెవి మీద పడింది. అరచెయ్యి చాపి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు. టపాకాయ పేలినంత చప్పుడు. వాడు తల తిప్పుకునేలోపు అదే చెవి మీద రెండోది. "నాకే నేర్పుతాండావా రా?" అంటూ కాలరు పట్టుకుని పంజరాల ర్యాకుకేసి మోదాడు. అది మూడోది. ర్యాకు ఒరిగింది, టబ్బు బోర్లాపడింది. ఎలుకలు నేలంతా పరుగెత్తాయి. ఒకటి సార్ బూటు కింద నలిగి పేగులు బయటికొచ్చాయి. నరేందర్ చెవిలోంచి రక్తం సన్నగా మెడ మీదికి దిగింది. వాడు గోడకు జారగిలబడి కూర్చుండిపోయాడు.

నేనేం చేశాను? మోకాళ్ల మీద పాకుతూ ఎలుకలను ఏరాను. నా డిసెంబరు నేల మీద పరుగెత్తుతుంటే ఇంకేం చేస్తాను? నేను ఒక్కోదాన్ని పట్టి అందిస్తుంటే సార్ కుర్చీ లాక్కుని కూర్చుని, కుంచె రంగులో ముంచి, చేతికొచ్చినదానికల్లా గుర్తు పెట్టుకుంటూ పోయాడు. దీనికి వీపు, దీనికి తోక. పేకముక్కలు పంచినంత తొందరగా పంచేశాడు.

జూన్ 11

నిన్న కోపంలో ఎక్కువ రాశానేమో. మూడోది దెబ్బ కాదు, తోపు. ర్యాకు అసలే ఊగుతూ ఉండేది.

సార్ చూపు అనుభవం ఉన్న చూపు. ముప్పై ఏళ్లుగా ఎలుకలను చూస్తున్నవాడు. మందు పడినది కాస్త బరువుగా, చురుగ్గా ఉంటుంది. ఆయన అది చూసే పెట్టి ఉంటాడు.

నరేందర్ ఫోను ఎత్తలేదు.

జూన్ 14

నరేందర్‌కు కర్ణభేరి చిరిగిపోయిందట. ఆపరేషన్ చేసినా వినికిడి వస్తుందని చెప్పలేమన్నారట. ఆ మాట చెప్పడానికే వాళ్లన్న తిరుపతి మా కాలేజీకి వచ్చాడు. క్యాబ్ నడుపుతాడు. పార్కింగులో సార్ కారు దిగుతుంటే కాలరు పట్టుకున్నాడు.

"మా తమ్మున్ని సదువుకొమ్మని పంపిన. సంపుమని పంపలె!"

ఒక్కటే గుద్దు గుద్దాడు. సార్ ముక్కు చిట్లింది. అంతే, సెక్యూరిటీ వాళ్లు విరుచుకుపడ్డారు. కిందపడేసి కర్రలతో, బూట్లతో కుమ్మారు. రోడ్డు అవతలి గాజు మేడల్లోంచి కాఫీ కప్పులు పట్టుకుని వచ్చినవాళ్లు ఫోన్లు ఎత్తి వీడియో తీసుకున్నారు. తిరుపతి అరవలేదు, తల చుట్టూ చేతులు పెట్టుకుని ముడుచుకుపోయాడు. నేను మెట్ల మీద నిలబడి చూశాను. సార్ ముక్కు మీద రక్తం చూసి నాకు కడుపు నిండింది. ఆ మాట ఇక్కడ తప్ప ఎక్కడా అనలేను.

సాయంత్రం కొత్తగూడ ఫ్లైఓవర్ దగ్గర ఒకడు బైకుతో నా స్కూటీని రాసుకుంటూ పోయాడు. సిగ్నల్ దగ్గర దొరికాడు. దిగి వాడి హెల్మెట్ మీద గొడుగుతో కొట్టాను, గొడుగు విరిగేదాకా కొట్టాను. వాడు "పిచ్చిలేసిందా మేడమ్!" అని జడుసుకుని సిగ్నల్ పడకముందే పారిపోయాడు.

జూన్ 19

సార్ బరువు ఎనభై కిలోలు ఉంటుంది. ఎలుకకు పడే మత్తుమందు లెక్కన ఆయనకు ఎంత పడుతుందో లెక్క కట్టాను. కట్టాక గుర్తొచ్చింది, ఎలుక నుంచి మనిషికి బరువును బట్టి మార్చకూడదు, ఒంటి వైశాల్యాన్ని బట్టి మార్చాలి. కొట్టేసి మళ్లీ కట్టాను. అది కూడా ఆయన నేర్పిందే. కాగితాన్ని స్టవ్ మీద కాల్చేశాను.

కాల్చాక భయమేసింది. హేమంత్ వచ్చి ఏదో మాడు వాసన వస్తోందంటే కుక్కర్ మూత తీసి విసిరాను. ఆయన భుజానికి తగిలింది. నేను గోడకేసే విసిరాను.

జూన్ 23

తిరుపతి మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గరికి వచ్చాడు. స్టేషన్‌లో ఒక రోజంతా కూర్చోబెట్టి వదిలారట. కన్ను వాచి మూసుకుపోయి ఉంది. కొడతాడేమోనని రెండడుగులు వెనక్కి వేశాను. అతను చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"భయపడకక్కా, ఆడోళ్ల మీద చెయ్యి లేపే ఖాన్‌దాన్ కాదు మాది. గురువారం ఎంక్వైరీ అంట. ఆడ నువ్వొక్కదానివే ఉంటివట గద?"

"ఉన్నాను."

"అయితే చూసింది చెప్పు. ఎక్కువ చెప్పకు, తక్వ చెప్పకు. మావోనికి నీ మీద మస్తు నమ్మకం. అక్క చెప్తది అన్నా, ఫికర్ చెయ్యకు అంటుండు."

సరే అన్నాను. నా నోటితోనే అన్నాను.

జూన్ 26

సార్ పిలిచాడు. ముక్కు మీద ప్లాస్టరు. టీ తెప్పించాడు. ఆరేళ్లలో నాకు టీ తెప్పించడం ఇదే మొదటిసారి.

"అమ్మ బాగుందా ప్రొద్దుటూర్లో? మన పక్క బిడ్డవి, నోరు జారవని నాకు తెల్సు. సెమినారు డేటు ఏసుకో. ఎల్లుండి సంతకం పెడ్తా."

ఎంక్వైరీ రేపు. సంతకం ఎల్లుండి. ఇంతకన్నా విడమరిచి చెప్పాలా?

ఒక్క చెంపదెబ్బే కదా అది. మా బళ్లో లెక్కల మాస్టారు కొట్టలేదా? అందరమూ బతకలేదా?

జూన్ 27

ప్రిన్సిపాల్ పట్టాభిరామయ్య గారు అడిగారు. "ఆ రోజు ఆయన ఆ అబ్బాయిని కొట్టడం నువ్వు చూశావా అమ్మా?"

"నేను ఎలుకలు ఏరుతున్నాను సార్. అటు చూడలేదు."

"మరి ర్యాకు ఎలా పడింది?"

"నేల తడిగా ఉంది. జారి పడ్డాడేమో."

నరేందర్ ఎదురు బెంచీ మీదే ఉన్నాడు. చెవికి దూది, పైన పట్టీ. నా మాట సరిగ్గా వినబడక మెడ వంకరగా తిప్పి కుడి చెవి నా వైపు పెట్టాడు. వినబడ్డాక మెడ నిటారుగా పెట్టుకుని నేలకేసి చూస్తూ కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు, వెధవ.

జూన్ 28

సంతకం పడింది.

ఆగస్టు 6

పోయిన వారం సాక్రిఫైస్ అయింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేనే చేశాను. ఒకటి కీచుమంది. నా చేతిలో ఎప్పుడూ అలా జరగలేదు. దాని కళ్లు ఉబ్బి, నా గ్లవ్ కొరికింది. దాని మెడ రెండోసారి లాగాల్సి వచ్చింది. ఏ గ్రూపుదో చూశాను. తోక మీద పసుపు.

ఫలితాలు బ్రహ్మాండం. మూడో గ్రూపు కిడ్నీలు బాగున్నాయి, రెండోవి పాడయ్యాయి. చూశావా మరి! సార్ చెయ్యి తప్పుతుందా? మందు పని చేస్తుందన్నమాట. నిజంగానే పని చేస్తుందేమో.

కిడ్నీల ఫొటోల ఎంపిక మాత్రం సార్ తనే కూర్చుని చేశారు. మిగతావి చూపించలేదు.

సెప్టెంబరు 18

సెమినారు అయింది. కమిటీలో ఎవరూ గుర్తుల సంగతి అడగలేదు. ఎందుకు అడుగుతారు? ప్రతి శనివారం గుర్తులు మళ్లీ పెట్టామని రాసి ఉంది.

నరేందర్ పీహెచ్‌డీ మానేశాడట. బాలానగర్‌లో ఏదో మాత్రల కంపెనీలో చేరాడని పక్క ల్యాబ్ వాళ్లు చెప్పుకుంటున్నారు. మంచిదే, ఉద్యోగం వచ్చిందిగా. నాకు రాలేదు.

నవంబరు 29

థీసిస్ బైండింగు అయి వచ్చింది. నల్ల అట్ట, బంగారు అక్షరాలు. సార్ టేబుల్ మీద పెట్టాను. అట్ట మీద తన పేరు నా పేరు కన్నా చిన్నగా ఉందన్నారు. షాపువాడి పొరపాటు సార్ అన్నాను.

ఎడమ చెవి మీద పడింది. ఆ థీసిస్‌తోనే కొట్టారు. బరువుగానే ఉంది, ఆరేళ్ల పని కదా.

కొట్టారు అని రాశానా? తగిలింది. విసురుగా ఇటు తోస్తే తగిలింది.

నవంబరు 30

చెవిలో గుయ్ఁ మంటోంది. చున్నీ తలకు చుట్టుకుని తిరుగుతుంటే హేమంత్ అడిగాడు.

"ఎవరు శ్రావణీ?"

"తలుపు."

"ఆ తలుపు నిన్నే ఎందుకు కొడుతుంది?"

నేను చున్నీ ఇంకాస్త కిందికి లాక్కున్నాను. ఆయన ఇంక అడగలేదు. రాత్రికి అన్నం ఆయనే వండాడు, ఉప్పు మరిచిపోయాడు.

డిసెంబరు 12

థీసిస్ ఇచ్చేశాను. గడువు లోపలే ఇచ్చాను. ఏడుద్దామనుకున్నాను, రాలేదు.

2025 ఏప్రిల్ 30

పరీక్షకుల రిపోర్టులు మంచిగా వచ్చాయి. వైవా మే పదహారు. నోటీసు బోర్డు మీద పెట్టారు, వెబ్‌సైటులోనూ పెట్టారు. ఓపెన్ వైవా కాబట్టి పెట్టి తీరాలి. దారిన పోయే దానయ్య కూడా వచ్చి కూర్చోవచ్చు, ప్రశ్న అడగవచ్చు. అడిగిందీ చెప్పిందీ మినిట్స్‌లో రాసుకుంటారు. నిజానికి ఎవరూ రారు. వచ్చేది లంచ్ కోసం.

అమ్మ ఫోన్ చేసింది. "ఏమే, ఈసారన్నా అయిపోతాదా? పట్టుచీర కట్టుకోని వస్తా, అంతమంది ముందర ఏడ్చొద్దు నువ్వు" అంది. శాలువా, బొకే, లంచ్ ప్యాకెట్లు అన్నీ హేమంత్ చూసుకుంటానన్నాడు.

మే 16

అయిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇవాళ ఒక్క దెబ్బ కూడా తగ్గించను.

పరీక్షకురాలు ప్రొఫెసర్ కృష్ణప్రియ గారు, విశాఖ నుంచి వచ్చారు. ఎదురుగా ప్రిన్సిపాల్, పక్కన సార్. మొదటి వరసలో అమ్మ, పట్టుచీరలో. హేమంత్ ఫోను పట్టుకుని వీడియో తీస్తున్నాడు. నేను గడగడా చెప్పేశాను. కృష్ణప్రియ గారు అడిగినవన్నిటికీ జవాబులు చెప్పాను. ఆవిడ నవ్వి, "చాలా బాగుందండీ. సభలో ఎవరైనా ఏమైనా అడుగుతారా?" అన్నారు. ఈ మాట మామూలుగా అందరూ అంటారు, అని కాగితాలు సర్దుకుంటారు.

వెనక వరసలో నరేందర్ లేచాడు. వాడు వచ్చిన సంగతి కూడా నేను చూసుకోలేదు. కంపెనీ యూనిఫారం చొక్కాతోనే ఉన్నాడు.

"ప్రతి శనివారం గుర్తులు మళ్ల పెట్టినమని రాసిన్రు. పోయిన ఏడు జూన్ పదో తారీకు సోమారం. ఆ దినం రెండో గ్రూపుకు, మూడో గ్రూపుకు గుర్తులు ఎవరు పెట్టిన్రు? ఏ లెక్కన పెట్టిన్రు?"

కోపం లేదు వాడి గొంతులో. స్కాలరు స్కాలరును అడిగినట్టే అడిగాడు.

సార్ లేచారు. "ఇది సంబంధం లేని ప్రశ్న" అంటూ నా పక్కనున్న మైకు కోసం చెయ్యి చాపారు. అంతే. మైకు కోసమే.

నేను రెండు చేతులతో చెవులు మూసుకుని వంగిపోయాను. పోడియం కిందికి, మోకాళ్ల మీదికి. పాయింటర్ కింద పడి ఎక్కడికో దొర్లింది. కళ్లు తెరిచేసరికి సార్ చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది, ఆయన దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చూస్తున్నాడు. అమ్మ సగం లేచి నిలబడింది. హేమంత్ ఫోను దించేశాడు.

కృష్ణప్రియ గారు కుర్చీలోంచి లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేయబోయి, నేను మళ్లీ ముడుచుకోవడం చూసి ఆగిపోయారు.

"ఏమైందమ్మా? ఎందుకలా చెవులు మూసుకున్నారు?"

తలుపు అందామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. ఆ హాల్లో నా దగ్గర్లో తలుపే లేదు.

పోడియం పట్టుకుని లేచాను. "నరేందర్ అడిగినదానికి జవాబు చెప్తాను మేడమ్. రాసుకోండి. గుర్తులు పెట్టింది సార్. ఏ లెక్కా లేదు, చేతికొచ్చినదానికి పెట్టాడు. మా దగ్గర రెండో గ్రూపూ లేదు, మూడో గ్రూపూ లేదు."

ఆ మాటతో నా థీసిస్ ఏమవుతుందో హాల్లో అందరికన్నా నాకే బాగా తెలుసు. సార్ "ఏమ్మే, నోర్ముయ్!" అని అరిచాడు. ప్రిన్సిపాల్ ఆయన మోచెయ్యి పట్టుకున్నారు. మినిట్స్ రాస్తున్నావిడ పెన్ను ఆపి ప్రిన్సిపాల్ ముఖంలోకి చూసింది. "రాయండమ్మా" అన్నారు కృష్ణప్రియ గారు.

"వద్దన్నందుకు నరేందర్‌ను కొట్టాడు. ఎడమ చెవి మీద రెండుసార్లు. తర్వాత కాలరు పట్టుకుని ర్యాకుకేసి మోదాడు. నేను చూశాను. నన్ను కూడా కొట్టాడు, ఇదిగో ఈ థీసిస్‌తోనే." నా గొంతు నాకే వినబడటం లేదు.

నరేందర్ ఇంకా నిలబడే ఉన్నాడు. మెడ వంకరగా తిప్పి, కుడి చెవి నా వైపు పెట్టి ఉన్నాడు.

"జర గట్టిగ చెప్పక్కా," అన్నాడు. "నాకు ఇనపడ్తలేదు."

మైకు దగ్గరికి లాక్కుని మొదటి నుంచి మళ్లీ చెప్పాను. బయట లంచ్ ప్యాకెట్ల దగ్గర నిలబడ్డవాళ్లు తలుపు తీసి లోపలికి చూసేంత గట్టిగా చెప్పాను.